నల్లరాయి మీద ముప్పై తొమ్మిది అంకెలు

మొన్న జనవరిలో, మిరప కోతలు మొదలైన వారంలో నా భార్య చనిపోయింది. గుంటూరు ఆసుపత్రి నుంచి ఆమెను పుట్టిన ఊరికి తీసుకువస్తుంటే, మార్టూరు దాటాక దారికి రెండు పక్కలా కల్లాల్లో కాయ ఆరబోసి ఉంది. అంబులెన్సు అద్దాల్లోంచి చూసినంత మేరా ఎరుపే. ఘాటుకు డ్రైవరు గట్టిగా తుమ్మి, తప్పు చేసినవాడిలా నా వైపు చూశాడు. ఆమె ఉంటే నవ్వేది.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు కొందరు నాలుగు మాటలు రాసిమ్మన్నారు. మీలో చాలామందికి ఆమె డిగ్రీ కాలేజీలో లెక్కల మేడమ్. నేను చదివింది బి.కాం., చేసింది మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మేనేజరు ఉద్యోగం. లెక్కలంటే నాకు వచ్చిన బస్తాలు, పోయిన బస్తాలు. అంతకు మించి నాకు తెలిసినదంతా ఆమె చెప్పినదే. ఇందులో ఎక్కువ భాగం ఒక సంఖ్య గురించే ఉంటుంది. ఆమె గురించి రాయాలంటే నాకు వేరే దారి తెలియదు.

ఆ సంఖ్య మీకు గుర్తుండే ఉంటుంది. ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఆమె ఏమీ మాట్లాడకుండా బోర్డు దగ్గరికి వెళ్లి, చేతిలో కాగితం లేకుండా, ముప్పై తొమ్మిది అంకెలు వరసగా రాసేది. ఒకసారి ఆమె కోసం వెళ్లి వరండాలో నిలబడి నేనూ విన్నాను.

"దీన్ని దేనితోనైనా భాగించండి చూద్దాం," అంది.

"చివర ఏడు ఉంది మేడమ్. రెండుతో పోదు, ఐదుతో పోదు."

"మూడు?"

పిల్లలు అంకెలన్నీ కూడారు. నూట యాభై నాలుగు వచ్చింది. మూడుతో పోలేదు. పదకొండు సంగతి చూడమంది. ఒక అంకె విడిచి ఒక అంకె కూడుకుంటూ పోతే రెండు మొత్తాలు వస్తాయి. రెండూ సమానమైనా, వాటి తేడా పదకొండు ఎక్కంలో ఉన్నా, ఆ సంఖ్యను పదకొండు భాగిస్తుంది. ఇక్కడ వచ్చినవి ఎనభై, డెబ్బై నాలుగు. తేడా ఆరు. అదీ పోలేదు. ఏడు, పదమూడు, పదిహేడు అంటూ గంట కొట్టేదాకా పిల్లలు పెనుగులాడారు.

"ఇంతకీ దేనితో పోతుంది మేడమ్?"

"దేనితోనూ పోదు. ఒకటితోనూ, దానితోనూ తప్ప. ప్రధాన సంఖ్య."

ముందు బెంచీలో అమ్మాయికి ఒళ్లు మండింది. "ముందే చెప్పచ్చుగా మేడమ్! గంటసేపు మా ప్రాణం తీశారు."

"నేను చెబితే రాసుకునేవాళ్లు. ఇప్పుడు ఆశ్చర్యపోతున్నారు," అని ఆమె డస్టరు తీసుకుంది. చెరిపే ముందు ఒక్క క్షణం తనూ ఆ బోర్డు వంక చూసింది. ఎన్నేళ్లుగా రాస్తున్నా ఆ చూపు పాతబడలేదని నాకు అప్పుడు తెలిసింది.

నాకు ఆమె ఈ అంకెల లోకపు తలుపు తీసింది మాత్రం కోల్డ్ స్టోరేజీలో. పెళ్లైన కొత్త. సెలవు రోజున నాతో వచ్చింది. లోపల చలికి కొంగు చుట్టుకుని బస్తాల మధ్య తిరుగుతోంది. ఒక రైతు సరుకు దిగుతోంది. బస్తాలు మోసి పేర్చే ముఠాకి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక రైతు సరుకంతా ఒకచోట, సమానమైన వరసల్లో, అంచులు తేలకుండా కూర్చోవాలి. ఆ రోజు ఆ సరుకు కూర్చోవడం లేదు. ముఠా మేస్త్రి నా మీదికి వచ్చాడు.

"ఇదెక్కడి సరుకండీ! ఏడేసి పెడితే ఒకటి మిగిలిద్ది. తొమ్మిదేసి పెడితే ఒకటి మిగిలిద్ది. పోనీలెమ్మని ఆరేసి పెట్టినా ఆ ఒకటే!"

"మొత్తం ఎన్ని మేస్త్రీ?" అని ఆమె అడిగింది.

"నూట ఇరవై ఏడమ్మా."

ఆమె ఎంత గట్టిగా నవ్విందంటే బస్తా మోస్తున్నవాళ్లు ఆగిపోయారు. "దాన్ని వదిలెయ్యండి. అది ఎటు పేర్చినా కుదరదు."

"ఏమ్మా, దిష్టి తగిలిందా?"

"దిష్టి కాదు. దాని గుణమే అంత."

మేస్త్రి తల గోక్కుని, ఆ మిగిలిన బస్తాను అన్నిటికంటే పైన పెట్టించాడు. అప్పటి నుంచి మా స్టోరేజీలో ఏ సరుకులో బస్తా మిగిలినా దానికి 'అమ్మగారి బస్తా' అని పేరు. ముఠాలో మనుషులు మారారు, మేస్త్రీలు మారారు. పేరు మారలేదు. అమ్మగారెవరో ఇప్పటి కుర్రాళ్లకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ చెప్పింది. "ఇవాళ మీ దగ్గర నాకు బాగా తెలిసినవాళ్లు కనిపించారండీ."

"ఎవరు?"

"నూట ఇరవై ఏడు."

తర్వాత వాడరేవు వెళ్లినప్పుడు, తడి ఇసుకలో వేలితో రాసి చూపించింది. రెండు రెండ్లు ఒకదానితో ఒకటి హెచ్చవేస్తే నాలుగు, ఒకటి తీస్తే మూడు. మూడు రెండ్లు హెచ్చవేస్తే ఎనిమిది, ఒకటి తీస్తే ఏడు. ఏడు రెండ్లు హెచ్చవేస్తే నూట ఇరవై ఎనిమిది, ఒకటి తీస్తే నూట ఇరవై ఏడు. రెండు, మూడు, ఏడు, నూట ఇరవై ఏడు. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి వచ్చింది.

"అన్నిసార్లూ ఇలాగే అవుతుందనుకోకండి. పదకొండు పెట్టి చూడండి. రెండువేల నలభై ఏడు వస్తుంది. చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యలా ఉంటుంది. లోపల ఇరవై మూడూ, ఎనభై తొమ్మిదీ చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉంటాయి."

"మరి నూట ఇరవై ఏడు రెండ్లు హెచ్చవేస్తే?"

నేను అడగాలని ఎదురుచూస్తున్న మనిషిలా నా మొహం వంక చూసింది. "ఒకటి తీసెయ్యండి. నేను బోర్డు మీద రాసేది అదే."

అప్పుడు నేను సముద్రం వైపు తిరిగి, ఈ ఇసుక రేణువులంత ఉంటుందా అని అడిగాను. "ఈ తీరమంతా లెక్కపెట్టినా దాంట్లో సగం అంకెలు నిండవండీ," అంది. పక్కన వలల మీద చేపలు ఎండబెట్టుకుంటున్న ముసలమ్మ మా గీతలు చూసి, "ఇల్లు కట్టుకుంటన్నారా అమ్మా, గదులు గీసుకుంటన్నారు?" అంది. "కట్టేవాళ్లు ఎప్పుడో కట్టేశారు పిన్నీ. మేం చూసుకుంటన్నాం అంతే," అని ఆమె జవాబు చెప్పింది. అల వచ్చి ఆ గీతలు తుడిచేసింది.

ఆ వరసలో తర్వాతది ఏమిటని తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. ఆ ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య ఎంతో, అన్ని రెండ్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యా, కాదా?

"ఎవరికీ తెలియదు," అంది.

"కంప్యూటర్లు ఉన్నాయిగా?"

"దాని అంకెలు రాయడానికే చోటు లేదండీ. మిరప గింజకొక అంకె చొప్పున రాసినా, ఆ గింజలకు కోట్ల భూములు కావాలి." కాసేపు కిటికీలోంచి పత్తి చేలు చూసింది. "ఎవరికీ తెలియకపోయినా అది ఏదో ఒకటి అయ్యే ఉంటుంది చూశారా. ప్రధానమో, కాదో. మనం కనుక్కునేదాకా అది ఆగి ఉండదు."

ఈ మాట మీద నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

మాకు పిల్లలు లేరు. చుట్టాల ఇళ్లలో పెళ్లిళ్లకు వెళ్తే ఎవరో ఒక పెద్దావిడ ఆ మాట ఎత్తకుండా ఉండేది కాదు. "మీకు ఎవరూ లేరామ్మా?" అని సాగదీసేది. మా ఆవిడ తొణక్కుండా, "ఉన్నారండీ. ఒకటీ, నేనూ," అనేది. ఆవిడ తెల్లబోతే నా వైపు వేలు చూపించి, "ఆ ఒకటీ ఈయనే," అనేది. కారణాంకాల సంగతి తెలిసినవాళ్లు నవ్వేవాళ్లు. తెలియనివాళ్లు పాపం మతి చలించిందనుకునేవాళ్లు. నేను మాత్రం ప్రతిసారీ తల వంచుకుని పప్పు కలుపుకునేవాణ్ణి. అలా పిలిపించుకోవడం నాకు ఇష్టంగా ఉండేది.

జబ్బు గురించి రాయను. ఆసుపత్రిలో ఆమెకు మధ్యాహ్నాలు కొంచెం ఓపికగా ఉండేది. అలాంటి ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి లెక్క చేయించింది. ఇంత పెద్ద సంఖ్య ప్రధానమని, భాగించి భాగించి కాకుండా, అసలు ఎలా తేల్చారని అడిగాను. అదీ మొదలు.

"చిన్నదాని మీద చేసి చూడండి, తెలుస్తుంది. మన నూట ఇరవై ఏడు. నాలుగుతో మొదలుపెట్టండి. దాన్ని దానితోనే హెచ్చవేసి రెండు తియ్యండి."

"పద్నాలుగు."

"మళ్లీ అలాగే."

"నూట తొంభై నాలుగు."

"నూట ఇరవై ఏడుతో భాగించి మిగిలింది చెప్పండి."

"అరవై ఏడు."

అక్కడి నుంచి నాకు ఫోనులో కాలిక్యులేటరు కావలసి వచ్చింది. ఆమె కళ్లు మూసుకునే చేస్తోంది. అరవై ఏడు తర్వాత నలభై రెండు మిగిలింది. ఆ తర్వాత నూట పదకొండు.

"ఇంకొక్కసారి," అంది. "ఇదే ఆఖరు. ఏడు రెండ్ల సంఖ్య కాబట్టి ఏడులో రెండు తక్కువ, ఐదుసార్లు చెయ్యాలి. ఆఖర్న ఏమీ మిగలకపోతే ప్రధానం. ఏ కాస్త మిగిలినా కాదు."

నూట పదకొండును దానితోనే హెచ్చవేశాను. రెండు తీశాను. పన్నెండువేల మూడువందల పందొమ్మిది. నూట ఇరవై ఏడుతో భాగించాను. సరిగ్గా తొంభై ఏడుసార్లు పోయింది. ఏమీ మిగల్లేదు.

నాలుగు, పద్నాలుగు, అరవై ఏడు, నలభై రెండు, నూట పదకొండు. ఏ పొంతనా లేకుండా పోతున్నాయి అనుకున్నవి ఒక్కసారిగా సున్నా దగ్గర వచ్చి ఆగాయి. నాకు చేతుల మీద రోమాలు లేచాయి. నేను గట్టిగా "సున్నా!" అన్నానట. సెలైన్ మారుస్తున్న నర్సమ్మ ఉలిక్కిపడి, "సున్నా వస్తే అంత సంబరమా సార్?" అంది. "ఆయనకిప్పుడే అర్థమైంది సిస్టర్. ముప్పై ఏళ్లు పట్టింది," అని మా ఆవిడ చెప్పింది.

ఆ పెద్ద సంఖ్యకు కూడా ఇదే పరీక్ష. కాకపోతే ఐదుసార్లు కాదు, నూట ఇరవై అయిదుసార్లు. ప్రతిసారీ ముప్పై తొమ్మిది అంకెల సంఖ్యలతో. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎక్కడో దూరదేశంలో ఒకాయన ఆ సంఖ్య ప్రధానమని చేత్తోనే తేల్చాడని చెప్పింది. "చివర్న సున్నా వచ్చినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారో లేదో పాపం," అంది. ఆమె ఆలోచన అలా ఉండేది.

అప్పుడే అడిగింది. "నా సమాధి రాయి మీద ఆ సంఖ్య వేయించండి."

నేను ఫోను పక్కన పెట్టాను.

"ఒక్క అంకె తప్పినా అది వేరే సంఖ్య అయిపోతుంది. అలాంటిది నా మీద పెట్టద్దు. తప్పు పోయేట్టుంటే అసలు వేయించద్దు. చూసుకుంటారుగా?"

"చూసుకుంటాను."

"అంకెల మొత్తం నూట యాభై నాలుగు. ఒకటి విడిచి ఒకటి కూడితే ఎనభై, డెబ్బై నాలుగు. రెండూ చూడాలి. ఒకటి చూసి ఊరుకోకండి."

ఆమె నన్ను అడిగిన ఆఖరి పని అది.

మా చర్చి సంఘంలో ఒక అలవాటు ఉంది. భార్యాభర్తలకు ఒకే రాయి నిలబెడతారు. ముందు పోయినవారి సగం చెక్కించి, రెండో సగం నున్నగా ఖాళీగా ఉంచుతారు. పేరు, తేదీలు, కింద ఒక బైబిలు వాక్యం. ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల తోటలో కూడుకుంటారు కాబట్టి, ఈస్టరులోపు రాయి నిలబడాలి.

ఆమె అన్నయ్య మిరప రైతు. సంఘంలో పెద్ద. వాక్యం ఉండాల్సిన చోట సంఖ్య అనేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏంది బావా ఇది? సమాధి మీద సెల్ నంబరు ఏస్తారంటయ్యా? పై నుంచి ఫోన్ చేసిద్దా?"

"తనే అడిగింది బావా."

"అడిగిద్ది. అది చిన్నప్పటి నుంచీ అంతే. రేపు సంఘంలో నన్నడుగుతారు." కాగితం లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో అంకె మీదా నడిచాడు. ఏం వెతుకుతున్నాడో కాసేపటికి నాకు తెలిసింది. మూడు ఆరులు పక్కపక్కన ఉన్నాయేమో అని. రెండు కూడా లేవు. ఆయన గుండె కొంచెం కుదుటపడింది. "సరే, సైతాను నంబరైతే కాదు. మరేంటిది?"

ఆమె చెప్పినట్టు నేను చెప్పలేను. ఆయనకు తెలిసిన వస్తువుతో చెప్పాను. "ఒక మిరప గింజ తీసుకో బావా. దాన్ని రెండు చెయ్యి. రెండును నాలుగు. అట్టా నూట ఇరవై ఏడుసార్లు రెట్టింపు చేసుకుంటూ పో."

"ఎన్ని బస్తాలవుతయ్?"

"బస్తాలు కాదు. మన భూమి లాంటివి కోట్ల భూముల బరువు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ కుప్పని ఇద్దరికి సమానంగా పంచచ్చు. నలుగురికి పంచచ్చు. ఎనిమిది మందికి, పదహారు మందికి, సగాలు చేసుకుంటూ ఎంతదాకా అయినా పోవచ్చు. రెట్టింపు చేసుకుంటూ వచ్చిందేగా. ఇప్పుడు అందులోంచి ఒక్క గింజ తీసి అవతల పారెయ్యి."

"పారేశా."

"ఇంక ఆ కుప్పని ఎవరూ పంచలేరు. ఇద్దరికి కాదు, ముగ్గురికి కాదు, వెయ్యిమందికి కాదు, ఎన్ని కోట్ల మందికైనా సరే. తలా ఒక్క గింజ చొప్పున ఇస్తే తప్ప సమానంగా రాదు."

"ఒక్క గింజకేనా?"

"ఒక్క గింజకే."

ఆయన వాకిట్లో ఆరబోసిన కాయ వైపు చాలాసేపు చూశాడు. విత్తనాలతో బతికిన మనిషి. గింజ అంటే ఆయనకు నాకంటే బాగా తెలుసు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దీన్ని ఎవరు చేశారు బావా?" అన్నాడు.

"ఎవరూ చెయ్యలేదు. ఎప్పుడూ ఉన్నదే. కనుక్కున్నారంతే."

"అయితే ఏయించు," అన్నాడు. "సంఘంలో అడిగితే నేను చెప్తా. వాక్యం పేరు కింద చిన్నగా పడనియ్యి." ఆ తర్వాత గేటు దాకా వచ్చి, "ఏడుగురికి పంచినా రాదా?" అని మళ్లీ అడిగాడు. "రాదు బావా. ఒకటి మిగిలిద్ది," అన్నాను. ఇది ఆమె చెప్పిందే. ఏడుతో భాగించినా, తొమ్మిదితో భాగించినా, నూట ఇరవై ఏడుతో భాగించినా ఆ సంఖ్యలో మిగిలేది ఒకటే. స్టోరేజీలో ఆ రోజు మేస్త్రిని ఏడిపించిన బస్తా, అంత పెద్ద కుప్పలో కూడా అలాగే మిగిలి ఉంటుంది.

రాయి చీమకుర్తి నల్లరాయి. సానబెడితే లోపల బంగారపు నలుసులు మెరుస్తాయి. మార్టూరులో పాలిష్ యూనిట్ ఉన్న రాతి మేస్త్రికి అప్పగించాను. అంకెలు మూడు వరసలుగా, వరసకు పదమూడు చొప్పున కూర్చునేసరికి ఆయన సంతోషించాడు. "పెద్ద నంబరన్నారుగానీ సార్, భలే కుదిరింది. ఎక్కడా ఎచ్చుతగ్గుల్లేవు." సంఖ్య ఎవరికీ లొంగదు గానీ దాని అంకెలు మాత్రం బుద్ధిగా మూడు వరసల్లో నిలబడ్డాయి.

ఈస్టరుకు ముందు వారం, పనైందని ఫోను చేశాడు. వెళ్లాను. రాయిని చెక్క దిమ్మల మీద పడుకోబెట్టి ఉంచాడు. తడిగుడ్డతో తుడిచాడు. పేరు, తేదీలు, చిన్న వాక్యం. దాని కింద మూడు వరసలు. చాలా అందంగా ఉంది. మొదట అంతే అనిపించింది.

వేలితో ఒక్కో అంకె తాకుతూ కూడాను. నూట యాభై నాలుగు. సరిపోయింది. ఊపిరి పీల్చుకున్నాను. రెండూ చూడాలి అన్న మాట గుర్తొచ్చి, మళ్లీ మొదటికొచ్చి ఒకటి విడిచి ఒకటి కూడాను. డెబ్బై ఏడు. విడిచినవి కూడాను. డెబ్బై ఏడు.

నా ఉద్యోగమంతా రెండు పక్కలా ఒకే మొత్తం రావడం కోసమే గడిచింది. వస్తే దీపాలార్పి ఇంటికి పోవడమే. ఆ రోజు ఆ రెండు మొత్తాలూ సరిగ్గా సమానంగా వచ్చేసరికి మళ్లీ మొదటి నుంచి కూడాను. అవే వచ్చాయి. అంటే పదకొండుతో పోతుంది. అంటే ఇది అది కాదు.

"మేస్త్రీ, ఎక్కడో తేడా జరిగింది."

"లేదు సార్. ఒక్క అంకె పోనియ్యలా. కావాలంటే లెక్కెట్టుకోండి."

కాగితం పక్కన పెట్టుకుని చూశాను. మూడో వరసలో ఉండాల్సింది 3715884105727. రాతి మీద ఉన్నది 3718584105727. ఐదూ ఎనిమిదీ తారుమారయ్యాయి.

ఆయన మొహంలో తప్పు దొరికిపోయిన భావం ఏమీ లేదు. "ఓ, అదా సార్! అది నేనే మార్చా. రెండు ఎనిమిదులు పక్కపక్కన పడితే ఆ రెండింటి మధ్య రాయి సన్నగా మిగిలిద్ది. ఉలి తగిలితే పెచ్చు లేచిద్ది. అందుకని మధ్యలో ఐదు ఏశా. అంకెలన్నీ ఉన్నయ్యిగా? ఒక్కటి తగ్గలా, ఒక్కటి పెరగలా."

ఆయన చెప్పింది నిజమే. రాయి బాగుండాలనే చేశాడు. నాకు కోపం రాలేదు.

"మేస్త్రీ, పేరులో అక్షరాలు అట్టా మారుస్తావా? పెచ్చు లేస్తుందని ఒక అక్షరం ఇటు జరుపుతావా?"

"భలేవారే. పేరెట్టా మారుస్తాను సార్?"

"ఇదీ పేరే."

ఆయన రాయి వంక చూశాడు. పక్కన సాన యంత్రం మీద ఉన్న మనిషిని చేత్తో ఆపమన్నాడు. చప్పుడు ఆగింది.

"అమ్మగారి పేరా?"

"ఆమె దాన్ని ఆ వరసలోనే పిలిచేది. వరస మారితే ఇంకెవరిదో అవుతుంది."

ఆయన రాయి మీదికి వంగాడు. ఆ ఎనిమిదుల లోతు వేలితో కొలిచాడు. "మొహం అంతా అరగదియ్యాలి సార్. ఈ లోతు పోయేదాకా. రాయి కాస్త పల్చబడిద్ది. మళ్లీ పేరు కాణ్ణించి చెక్కాలి."

"ఈస్టరుకి అవుతుందా?"

"అయ్యిద్ది. ఎనిమిదులు రెండూ నేనే చెక్కుతా. పెచ్చు లేస్తే నాదే పూచీ." తర్వాత ఖాళీగా ఉన్న రెండో సగం మీద అరచెయ్యి పెట్టి, "మరి మీ వైపు ఏ నంబరు సార్? ఇప్పుడే చెప్తే వరసలు కుదుర్చుకుంటా," అన్నాడు.

"ఆ వరసలో తర్వాతది ఎవరికీ తెలియదు మేస్త్రీ."

"తెలిసినాక చెప్పండి, వచ్చి ఏసిపోతా."

"తెలిసినా ఈ రాయి చాలదు."

"ఇంకా పెద్ద రాయి తెప్పిస్తా!" అన్నాడు. చాలా రోజుల తర్వాత నేను నవ్వాను. ఆమెకు చెప్పాలనిపించింది.

ఈస్టరు నాటికి రాయి నిలబడింది. నేను ముందు రోజే వెళ్లి రెండు లెక్కలూ చూశాను. నూట యాభై నాలుగు. ఎనభై, డెబ్బై నాలుగు. తేడా ఆరు. ఎనిమిదులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య రాయి దారమంత మిగిలింది. పెచ్చు లేవలేదు.

1701411834604
6923173168730
3715884105727

తెల్లవారుతుండగా ప్రార్థన అయ్యింది. జనం ఎవరి సమాధుల దగ్గరికి వాళ్లు వెళ్లారు. ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థినులు వచ్చి, రాయి ముందు నిలబడి, పెదవులు కదుపుతూ అంకెలు చదువుకున్నారు. చివర ఏడు దగ్గర ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఎవరో సంఘస్థుడు ఇదేమిటని అడిగితే, మా బావ గట్టిగా, "ఒక గింజ తీసుకో, చెప్తా," అని మొదలుపెట్టడం వినబడింది.

కొవ్వొత్తులు పంచింది ఆయనే. వాళ్ల నాన్నకు, అమ్మకు, నాయనమ్మకు, చెల్లెలికి. అందరి దగ్గరా వెలిగించి నా దగ్గరికి వచ్చాడు.

"సమాధికి ఏడేసి పెట్టా బావా. ఒకటి మిగిలింది. ఎక్కడ పెట్టను?"

ఆయన మామూలుగానే అన్నాడు. నేను రాయి రెండో సగం వైపు చూశాను. బతికున్నవారి వైపు ఎవరూ దీపం పెట్టరు.

"ఇటివ్వు. పట్టుకుంటాను," అన్నాను.

వెలిగించుకుని రాయి ఎదురుగా నిలబడ్డాను. కల్లాల మీద నుంచి గాలి వస్తోంది, అందులో కాస్త ఘాటు. మైనం కారి బొటనవేలి మీద పడింది. ఒక సగంలో ఆమె అంకెలు. రెండో సగం నల్లగా, నున్నగా, రాసేందుకు ఏమీ లేకుండా ఉంది. దాని లోపల బంగారపు నలుసుల మధ్య నా చేతిలోని వెలుగు ఒక్కటే కనిపిస్తోంది. ఎండ పైకి వచ్చేదాకా అది అక్కడే ఉంది.